పది నిమిషాలకొక బస్సు ఉన్నా, పది నిమిషాలు ఎందుకు కాచుకుంటాం?

పిల్లలూ, ఈసారి లెక్కల పేజీలో మీకు రోజూ ఎదురయ్యే సంగతే ఒకటి తీసుకున్నాం. ఒక కాగితం, పెన్సిలు, ఇంట్లో లూడో ఆట ఉంటే దాని పాచిక దగ్గర పెట్టుకోండి. కూడికలు, గుణింతాలు, భాగాహారాలు వస్తే చాలు, మొత్తం అర్థమవుతుంది.

బాగలూరు, మత్తిగిరి, డెంకణికోట దిక్కుల నుంచి హోసూరుకు బస్సెక్కి చదువుకోడానికి వచ్చే పిల్లల్ని ఎవర్నయినా అడగండి. "బస్సులు చాలానే ఉన్నాయంటారు, నేను స్టాపుకు పోయినప్పుడు మాత్రం ఒక్కటీ రాదు" అంటారు. పెద్దవాళ్లకు ఈ మాట సాకులా వినిపిస్తుంది. "పది నిమిషాలకొక బస్సుంటే ఇంత పొద్దు ఎందుకయింది? దావలో ఏడ నిలబడితివి?" అని ఇంట్లో కేకలు పడతాయి. పిల్లలకు ఫ్రీ పాసు గవర్నమెంటు బస్సులోనే చెల్లుతుంది కాబట్టి, కళ్లముందు ప్రైవేటు బస్సు పోతున్నా చేతిలో డబ్బు లేకపోతే చూస్తూ ఊరకుండాల్సిందే.

ఇక్కడ అమ్మ చెప్పే లెక్కా తప్పు కాదు, బిడ్డ చెప్పే మాటా అబద్ధం కాదు. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. లెక్కల్లో దీన్ని 'ఎదురుచూపు వైరుధ్యం' అనుకోవచ్చు. అదేమిటో మెల్లగా చూద్దాం.

అమ్మ లెక్క ఎప్పుడు సరి?

ఒక స్టాపు అనుకుందాం. గంటకు ఆరు బస్సులు. సరిగ్గా 8:00, 8:10, 8:20 అని గడియారం కొట్టినట్టు వస్తాయి. మీరు టైము చూసుకోకుండా స్టాపుకు పోయారు. అదృష్టం బాగుంటే బస్సు అప్పుడే వస్తుంది, కాచుకోవడం సున్నా. అదృష్టం బాగలేకపోతే బస్సు అప్పుడే వెళ్లిపోయి ఉంటుంది, పది నిమిషాలు. మిగతా రోజులు ఈ రెండింటికీ మధ్యలో. చాలా రోజుల లెక్క తీస్తే సగటున 5 నిమిషాలు.

అమ్మ మనసులో ఉండేది ఈ లెక్కే. ఇది సరైన లెక్క. కాకపోతే అందులో ఒక షరతు దాగి ఉంది: బస్సుల మధ్య ఎడం ఎప్పుడూ సమంగా ఉండాలి. ఆ షరతు తప్పిందంటే లెక్కంతా మారిపోతుంది.

ఎడం సమంగా లేకపోతే?

ఇప్పుడు కూడా గంటకు ఆరు బస్సులే. కానీ ఒక ఎడం 5 నిమిషాలు, తర్వాతది 15, మళ్లీ 5, మళ్లీ 15. సగటు ఎడం ఇప్పుడూ పదే. డిపో పుస్తకంలో ఏ మార్పూ కనిపించదు.

మీరు స్టాపుకు పోతున్నారు. ఏ ఎడంలో పోయి పడతారు? ఐదు నిమిషాల ఎడంలోనా, పదిహేను నిమిషాల ఎడంలోనా? రెండు రకాల ఎడాలూ సమానంగానే ఉన్నాయి కదా, సగం సగం అనిపిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ప్రతి 20 నిమిషాల్లో 15 నిమిషాలు పెద్ద ఎడానివి, 5 మాత్రమే చిన్నదానివి. కాబట్టి నాలుగు రోజుల్లో మూడు రోజులు మీరు పెద్ద ఎడంలోనే పడతారు.

సులువుగా చెప్పాలంటే, వాకిట్లో ఒక పెద్ద చాప, ఒక చిన్న చాప పరిచి, కళ్లు మూసుకుని గులకరాయి విసరండి. చాపలు రెండే అయినా రాయి పడేది ఎక్కువగా పెద్ద చాప మీదే. మన రాక ఆ గులకరాయి లాంటిది.

ఇప్పుడు లెక్క వేద్దాం. పెద్ద ఎడంలో పడితే సగటున ఏడున్నర నిమిషాలు, చిన్నదాంట్లో పడితే రెండున్నర. నాలుగు రోజుల మొత్తం: 7.5 + 7.5 + 7.5 + 2.5 = 25 నిమిషాలు. రోజుకు 6.25 నిమిషాలు. బస్సులు తగ్గలేదు, సగటు ఎడం మారలేదు, అయినా కాచుకునే సమయం 5 నుంచి 6.25కు పెరిగింది.

ఎడాలు ఇంకా చెదిరిపోతే? 2 నిమిషాలు, 18 నిమిషాలు అయితే సగటున 8.2 నిమిషాలు కాచుకోవాలి. రెండు బస్సులు జంటగా వచ్చి, తర్వాత 20 నిమిషాలు ఏమీ రాకపోతే 10 నిమిషాలు. మూడు బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి అరగంట ఖాళీ అయితే 15 నిమిషాలు. అన్నిట్లోనూ గంటకు ఆరు బస్సులే! సమంగా వస్తే 5 నిమిషాలు. అంతకన్నా తగ్గించడం కుదరదు. చెదిరేకొద్దీ అది పెరుగుతూనే పోతుంది.

లూడో పాచికతో చూద్దాం

టైంటేబుల్ ఏదీ లేకుండా, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా బండ్లు వచ్చే చోట ఏమవుతుంది? ఎవరికి వారుగా తిరిగే షేర్ ఆటోలను రోడ్డు మధ్యలో నిలబడి ఆపుకునేవాళ్లకు ఇది కొంచెం దగ్గరి ఉదాహరణ. దీనికి పాచిక తీయండి.

లూడోలో ఆరు పడితేనే కాయ బయటికొస్తుంది. ఆరు పడడానికి సగటున ఆరు వేతలు పడతాయి. ఇప్పుడు ఒకరు పన్నెండు సార్లు వేసినా ఆరు పడలేదనుకోండి. "ఇంతసేపయింది, ఇక పడిపోతుంది" అని మనసు చెప్తుంది. పాచికకు ఆ సంగతి తెలియదు. ముందు ఏం పడిందో దానికి గుర్తుండదు. ఇక్కణ్ణుంచి కూడా సగటున ఇంకో ఆరు వేతలు కావాల్సిందే.

నిమిషానికి ఒకసారి పాచిక వేస్తున్నామనీ, ఆరు పడితే బస్సు వచ్చినట్టనీ అనుకోండి. బస్సుల మధ్య సగటు ఎడం 6 నిమిషాలు. మీరు ఎప్పుడు పోయి నిలబడినా, కాచుకునేది కూడా సగటున 6 నిమిషాలే. మూడు కాదు! మీరు రాకముందు ఎంతసేపటి నుంచి బస్సు లేదో పాచికకు అనవసరం కదా. అలాగే, సగటున పది నిమిషాలకొకటి చొప్పున గుడ్డిగా వచ్చే బస్సులకు కాచుకునేది పది నిమిషాలే. పిల్లవాడు చెప్పే మాట ఇదే.

ఇక్కడ ఇంకో వింత ఉంది. ఆటలో అన్ని ఎడాలనూ కలిపి చూస్తే సగటు 6. మీరు మధ్యలో పోయి పడిన ఎడం మాత్రం సగటున 11. ముందు చెప్పిన పెద్ద చాప సంగతే ఇది. పొడుగు ఎడాలే మనల్ని ఎక్కువగా పట్టుకుంటాయి.

ఇలా ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చే వాటి లెక్కకు ఫ్రాన్సు గణిత శాస్త్రవేత్త పాయిజాన్ పేరు పెట్టారు. ఆయన ఆ సూత్రాన్ని 1837లో తన పుస్తకంలో ఇచ్చాడు. 1909లో డెన్మార్కులో ఎర్లాంగ్ అనే ఇంజనీరు, కోపెన్‌హాగన్ టెలిఫోన్ ఎక్స్ఛేంజికి వచ్చే కాల్స్ కూడా ఈ సూత్రం ప్రకారమే నడుస్తాయని చూపించాడు. ఎన్ని లైన్లు వేస్తే జనం ఎంతసేపు కాచుకోవాల్సి వస్తుందో లెక్కగట్టే విద్య అక్కణ్ణుంచి పెరిగింది. బ్యాంకు కౌంటర్లు, ఆసుపత్రి క్యూలు, మన ఫోన్ల టవర్లు అన్నిటి వెనకా ఇప్పుడు ఆ విద్య ఉంది.

బస్సులు జంటగా ఎందుకొస్తాయి?

నిజం బస్సులు పాచికంత గుడ్డివి కావు. డిపో నుంచి టైము ప్రకారమే బయలుదేరుతాయి. అయినా దావలో చెదిరిపోతాయి. దానికి కారణం డ్రైవరు సోమరితనం అనుకోవద్దు.

ముందు బస్సు సిగ్నల్ దగ్గరో, లారీ వెనకో రెండు నిమిషాలు చిక్కుకుందనుకోండి. ఆ రెండు నిమిషాల్లో తర్వాతి స్టాపులో జనం పెరుగుతారు. అందరూ ఎక్కాలి, కండక్టరు టికెట్లు కొట్టాలి, బస్సు ఇంకా ఆలస్యమవుతుంది. ఆ తర్వాతి స్టాపులో జనం ఇంకా ఎక్కువ. వెనక బస్సుకేమో స్టాపుల్లో జనమే మిగలరు. అది ఆగకుండా బిరబిరా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. ముందు బస్సు ఫుట్‌బోర్డు దాకా కిక్కిరిసి ఉంటే, దాని వెనకే ఖాళీ బస్సు రావడం మీరు చూసే ఉంటారు. చిన్న ఆలస్యం తనంతట తానే పెద్దదవుతుంది. 1964లో న్యూవెల్, పాట్స్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని లెక్కగట్టి చూపించారు. తర్వాత ప్రపంచంలో చాలా నగరాల రవాణా ఇంజనీర్లు దీనిమీద పనిచేశారు.

ఇంట్లో ఈ లెక్క ఎందుకు కావాలి?

తల్లిదండ్రులారా, ఇది పరీక్షలో వచ్చే ప్రశ్న మాత్రమే కాదు. సగటున పది నిమిషాలకొక బస్సు, టైమంటూ లేకుండా వచ్చే దావలో ఏమవుతుందో చూడండి:

– నూటికి 37 సార్లు పది నిమిషాల కన్నా ఎక్కువ కాచుకోవాలి.
– నూటికి 13, 14 సార్లు ఇరవై నిమిషాల కన్నా ఎక్కువ.
– నూటికి 5 సార్లు అరగంట కన్నా ఎక్కువ.

నెలకు 24 రోజులు బడి ఉంటే, అందులో మూడు రోజులు బిడ్డ ఇరవై నిమిషాలకు పైగా స్టాపులో నిలబడతాడు. అందులో వాడి తప్పేమీ లేదు. బస్సులు కొంచెం పద్ధతిగా నడిచే దావలో ఇది తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. కాబట్టి ఒక్క రోజు ఆలస్యం చూసి బిడ్డను అబద్ధాలకోరు అనకండి. ఒక నెల రోజులు రాసి పెట్టండి. ఆలస్యాలు ఏ రోజంటే ఆ రోజు చెదురుమదురుగా ఉంటే అది బస్సు పని. ప్రతి శుక్రవారం సాయంత్రమే ఆలస్యమైతే, అప్పుడు కూర్చోబెట్టి అడగండి!

పబ్లిక్ పరీక్షల రోజున సగటును నమ్మి బయలుదేరకండి. సగటు అన్ని రోజులకూ కలిపి చెప్పే మాట, పరీక్ష ఒక్క రోజు జరిగేది. ఆ రోజు 'మామూలుగా ఎంతసేపు' అని కాకుండా 'మరీ ఎక్కువంటే ఎంతసేపు' అని అడగాలి. పైన చెప్పిన దావలో పది నిమిషాలు చేతిలో పెట్టుకుంటే నూటికి 37 మందికి చాలదు, అరగంట పెట్టుకుంటే అయిదుగురికి మాత్రమే చాలదు. బయలుదేరే చోట టైంటేబుల్ ఉంటే అది కనుక్కుని ఐదు నిమిషాలు ముందే అక్కడ ఉండండి. టైము చూసుకుని పోయేవాళ్లకు ఈ వైరుధ్యం అంతగా తగలదు. చూసుకోకుండా పోయేవాళ్లనే అది పట్టుకుంటుంది.

అర్జీ రాసేటప్పుడు

బస్సుల గురించి డిపోకు అర్జీ పెట్టేటప్పుడు మనం మామూలుగా "బస్సులు చాలడం లేదు" అని రాస్తాం. వాళ్లు పుస్తకం తీసి, "గంటకు ఆరు నడుస్తున్నాయి, చూడండి" అంటారు. వాళ్ల లెక్క బస్సులది. మన లెక్క కాచుకునే మనుషులది. రెండు లెక్కలూ కలవక మాట అక్కడే ఆగిపోతుంది.

దానికి బదులు ఇలా చేయండి. ఒక గంటసేపు స్టాపులో కూర్చుని ప్రతి బస్సు వచ్చిన టైము రాయండి. ఎడాలు 2, 18, 3, 17, 1, 19 నిమిషాలు వచ్చాయనుకుందాం. మొత్తం 60. ఒక్కో ఎడాన్ని దానితోనే గుణించి అన్నీ కూడండి: 4 + 324 + 9 + 289 + 1 + 361 = 988. దీన్ని మొత్తం నిమిషాలకు రెట్టింపుతో, అంటే 120తో భాగించండి. 8.2 నిమిషాలు. ఆ స్టాపులో సగటు మనిషి కాచుకునే సమయం ఇదే.

ఇప్పుడు దీన్ని చూడండి. గంటకు నాలుగే బస్సులు సరిగ్గా 15 నిమిషాలకొకటి వస్తే కాచుకునేది ఏడున్నర నిమిషాలు. అంటే, చెదిరిపోయిన ఆరు బస్సుల కన్నా, సమంగా వచ్చే నాలుగు బస్సులు నయం! కాబట్టి "బస్సులు పెంచండి" అన్న మాటతో పాటు "జంటగా రాకుండా చూడండి, వెనక బస్సును స్టాండులో కొంచెం నిలిపి పంపండి" అని కూడా రాయండి. దీనికి కొత్త బస్సు కొనే పని లేదు. చేతిలో ఒక గంట లెక్క ఉంటే అర్జీకి బలం వస్తుంది. పది రోజుల లెక్క ఉంటే ఇంకా బలం.

ఇదే సంగతి తరగతి గదిలో

ఈ లెక్క బస్సుతో ఆగదు. మనలాంటి అల్పసంఖ్యాక భాషల బళ్లకు దగ్గరగా తగిలే ఉదాహరణ ఒకటి ఉంది. ఒక బడిలో తొమ్మిదో తరగతికి రెండు సెక్షన్లు అనుకోండి. ఇంగ్లీషు మీడియంలో 50 మంది, తెలుగు మీడియంలో 10 మంది. (ఇది ఉదాహరణ మాత్రమే.) రిజిస్టరు ప్రకారం సెక్షనుకు సగటున 30 మంది. వినడానికి బాగుంది.

ఇప్పుడు పిల్లల్నే అడుగుదాం: "నీ క్లాసులో ఎంతమంది?" 50 మంది 'యాభై' అంటారు, 10 మంది 'పది' అంటారు. అరవై మంది జవాబులూ కలిపి సగటు తీస్తే 43 పైన వస్తుంది. బడి చెప్పే 30 నిజం, పిల్లలు చెప్పే 43 కూడా నిజం. కిక్కిరిసిన గదిలో ఎక్కువమంది ఉంటారు కాబట్టి, కిక్కిరిసిన గది సంగతే ఎక్కువమంది నోట వస్తుంది. పెద్ద ఎడంలో ఎక్కువమంది కాచుకున్నట్టే ఇది.

దీన్ని తిప్పి కూడా చూడాలి. పిల్లల్ని మాత్రమే అడిగి సగటు తీస్తే, చిన్న తెలుగు సెక్షన్ ఆ సగటులో దాదాపు కనిపించకుండా పోతుంది. అరవై గొంతుల్లో దానివి పదే. సెక్షన్ల లెక్క మాత్రమే చూస్తే, యాభై మంది ఇరుకు కనిపించదు. అందుకని ఎవరైనా 'సగటు' అని ఒక అంకె చెప్తే రెండు ప్రశ్నలు అడగడం మంచిది. ఇది దేని సగటు: బస్సులదా, కాచుకున్నవాళ్లదా? గదులదా, పిల్లలదా? ఒక అంకె విని ఊరుకుంటే ఎవరో ఒకరి సంగతి లెక్కలోంచి జారిపోతుంది.

పిల్లలూ, చేసి చూడండి

1. పాచికను 120 సార్లు వేసి, పడిన అంకెలన్నీ వరుసగా రాయండి. ఆరు పడిన చోట సున్నా చుట్టండి. ఒక సున్నా తర్వాత నుంచి వచ్చే సున్నా దాకా, దాన్ని కూడా కలుపుకుని, ఒక ఎడం. అన్ని ఎడాల సగటు తీయండి, 6కు దగ్గరగా రావాలి. తర్వాత కళ్లు మూసుకుని వరుసలో ఎక్కడైనా వేలు పెట్టండి. వేలు పడిన ఎడం ఎంత పొడుగుందో రాయండి. ఇలా ముప్పై సార్లు చేసి సగటు తీయండి. 6 కన్నా చాలా ఎక్కువ వస్తుంది. ఒకరే చేస్తే కొంచెం అటూ ఇటూ కావచ్చు, క్లాసంతా కలిపి చూస్తే 11 వైపు జరుగుతుంది.

2. అమ్మనో నాయననో తోడు తీసుకుని, ఒక గంట బస్సుల టైములు రాయండి. ఎడాలను గుణించి, కూడి, భాగించి, మీ స్టాపులో కాచుకునే సగటు కనుక్కోండి. బస్సులు సమంగా వచ్చి ఉంటే ఎంతయ్యేదో పక్కన రాయండి. ఆ రెంటి తేడాయే చెదరడం వల్ల మీరు పోగొట్టుకుంటున్న సమయం.

3. ఒక వీధిలో పది ఇళ్లు. ఐదు ఇళ్లలో ఒక్కో బిడ్డ, ఐదు ఇళ్లలో ముగ్గురేసి. ఇంటికి సగటున ఎంతమంది? ఆ వీధి పిల్లలందర్నీ "మీ ఇంట్లో ఎంతమంది పిల్లలు?" అని అడిగితే జవాబుల సగటు ఎంత? (మొదటిది 2, రెండోది 2.5. ఎందుకో మీ మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి.)

రాసిన కాగితాలు లెక్కల అయ్యవారికి ఇవ్వండి. రెండో పనికి వచ్చిన అంకెలను స్టాపు పేరుతో పాటు స్పష్టంగా రాయండి. ఒకే దావలో వచ్చే పిల్లల కాగితాలు కలిపితే, పెద్దవాళ్లు అర్జీ పెట్టేటప్పుడు జతచేయడానికి పనికొస్తాయి.